మాట పడిపోకముందే

మన ఇళ్ళల్లో అరవై దాటినవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "ఒకరిచేత చేయించుకోకుండా పోవాలి." గుడికెళితే అదే మొక్కు. పక్కింటాయన నిద్రలోనే పోయాడని తెలిస్తే, "అదృష్టవంతుడు, అనాయాస మరణం" అనుకుంటారు. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే వెళ్ళిపోవాలనీ, మంచాన పడకూడదనీ, పిల్లలకు బరువు కాకూడదనీ కోరుకోనివాళ్ళు అరుదు. కాబట్టి మనవాళ్ళు చావు గురించి మాట్లాడుకోరన్నది నిజం కాదు. మాట్లాడతారు, కానీ దేవుడితో. చికిత్స చేసే డాక్టరుతోనూ, కాగితం మీద సంతకం పెట్టాల్సిన కొడుకుతోనూ మాట్లాడరు. మాట్లాడబోతే "శుభమా అని కూర్చుంటే ఇప్పుడా మాటలెందుకు, పైన తథాస్తు దేవతలుంటారు" అని ఎవరో ఒకరు నోరు మూయిస్తారు. దేవుడికి చెప్పుకున్న ఆ కోరిక ఆసుపత్రిలో కూడా పనికిరావాలంటే ఏం చేయాలన్నదే ఈ అధ్యాయం.

మన తాతముత్తాతలకు ఈ బెడద లేదు. నిమోనియా వస్తే వారం పది రోజుల్లో అటో ఇటో తేలిపోయేది. పక్షవాతం వచ్చి మింగుడు పడకపోతే ఇక ఎక్కువ రోజులు ఉండేది కాదు. నాడి చూసిన వైద్యుడు పెదవి విరిస్తే చాప మీదికి దించి, నోట్లో తులసి తీర్థం పోసేవాళ్ళు. వైద్యం ఎప్పుడు ఆపాలన్నది ఎవరూ నిర్ణయించనక్కర్లేదు, జబ్బే నిర్ణయించేది. ఆ నిర్ణయం మనుషుల చేతికొచ్చి డెబ్భై ఏళ్ళు దాటిందంతే. ఎక్కడ వచ్చిందో కూడా చెప్పవచ్చు.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి తీసే కండరాలూ, మింగే కండరాలూ చచ్చుబడిన రోగులు బ్లెగ్డామ్ ఆసుపత్రికి వరసగా వచ్చిపడ్డారు. మొదటి మూడు వారాల్లో అలా వచ్చిన 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆసుపత్రి దగ్గరున్న శ్వాస యంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆపరేషన్ గదిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు బియోర్న్ ఇబ్సెన్‌ను సలహాకు పిలిచారు. ఆగస్టు 27న ఆయన 12 ఏళ్ళ అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేయించి, అందులో గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపాడు. ఆ పిల్ల బతికింది. ఇక మిగతావాళ్ళకు కూడా అదే పద్ధతి. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు రాత్రీ పగలూ వంతులు వేసుకుని, మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. నూటికి 87 ఉన్న మరణాలు 40 దగ్గరికి దిగాయి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలో ఇలాంటి రోగుల కోసం ప్రత్యేక వార్డు తెరిచాడు. ఇవాళ మనం ఐసీయూ అంటున్నదానికి అదే మొదలు.

ఆ రోగులకు ఊపిరి అందించింది కండరాలు కోలుకునేదాకా నిలపడానికి. కోలుకునే అవకాశం ఉందన్న లెక్క మీదే ఆ శ్రమంతా. కోలుకోలేని మనిషికి అదే గొట్టం పెడితే? ఈ ప్రశ్న రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1957 నవంబరులో మత్తుమందు డాక్టర్లు ఏకంగా పోప్ పన్నెండో పయస్‌నే అడిగారు. అసాధారణ సాధనాలతో ఎలాగైనా ప్రాణం నిలిపి తీరాలన్న నియమమేమీ లేదని ఆయన జవాబిచ్చాడు. ఐసీయూ వెంటిలేటర్‌కు ఎంత వయసో, దాన్ని ఎప్పుడు తీయాలన్న ప్రశ్నకూ దాదాపు అంతే వయసు.

గుండె విషయమూ అంతే. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌కు చెందిన ముగ్గురు, రొమ్ము ఎముకను లయబద్ధంగా నొక్కి ఆగిన గుండెను మళ్ళీ ఆడించవచ్చని ప్రకటించారు. ఆపరేషన్ మధ్యలోనో, కరెంటు షాక్‌తోనో హఠాత్తుగా ఆగిన గుండెకు అది వరం. సీపీఆర్ అనే ఆ పద్ధతి క్రమంగా ఆసుపత్రిలో ఎవరి గుండె ఆగినా అడగకుండానే మొదలుపెట్టే పని అయింది. 1996లో కొందరు పరిశోధకులు అమెరికా టీవీ సీరియళ్ళు చూసి లెక్కగట్టారు: తెర మీద సీపీఆర్ అందుకున్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది కోలుకుని ఇంటికి వెళ్ళిపోయారు. నిజం ఆసుపత్రుల్లో, అదీ అమెరికాలో, ఇంటికి వెళ్ళేది నలుగురైదుగురిలో ఒకరు. క్యాన్సర్ ఒళ్ళంతా పాకినవాళ్ళలో, ఏళ్ళ తరబడి మంచాన ఉన్న ముసలివాళ్ళలో అంతకన్నా బాగా తక్కువ. నొక్కేటప్పుడు పక్కటెముకలు విరగడం మామూలే. మన సినిమాల్లోనూ మానిటర్ మీద గీత చదును కాగానే డాక్టరు ఛాతీకి షాక్ ఇస్తాడు, మనిషి కళ్ళు తెరుస్తాడు. గీత పూర్తిగా చదునైన గుండెకు షాక్ పనిచేయదు. లయ తప్పి అదురుతున్న గుండెకే పనిచేస్తుంది.

ఇదంతా ఐసీయూ మీద కోపంతో చెబుతున్నది కాదు. కట్లపాము కాటుకూ, పురుగుమందు తాగినవాళ్ళకూ, కాన్పులో రక్తం పోయిన తల్లికీ వెంటిలేటరే ప్రాణం పోస్తుంది. మన జిల్లా ఆసుపత్రుల్లో అవి ఇంకా ఎక్కువ ఉండాలి. తేడా యంత్రంలో లేదు. అది ఏ రోగికి, ఏ దశలో, దేనికోసం పెడుతున్నామన్నదే తేడా.

చావు ఎలా వస్తుందన్న విషయంలో మనకున్న ఊహ ఒకటే: బాగా ఉన్న మనిషి ఒక్కసారిగా పోవడం. అలా పోయేది కొద్దిమందే. మిగతావాళ్ళ చివరి ఏళ్ళను గమనించి, జోఆన్ లిన్ అనే అమెరికన్ వృద్ధవైద్య నిపుణురాలూ ఆమె సహచరులూ మూడు దారులు గీశారు. తెలిసి ఉంటే ప్రతి కుటుంబానికీ పనికొచ్చేవి ఇవి. మొదటిది క్యాన్సర్ దారి. మనిషి చాలాకాలం తన పనులు తాను చేసుకుంటూనే ఉంటాడు. చివరి కొద్ది వారాల్లో గబగబా దిగజారతాడు. ఆ దిగుడు కంటికి కనిపిస్తుంది కాబట్టి మాట్లాడుకోవడానికి వ్యవధి ఉంటుంది, వాడుకోగలిగితే.

రెండోది గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ, లివర్ చెడిపోవడం. ఇక్కడ ప్రయాణం మెట్లు దిగినట్టు ఉంటుంది. ఆయాసం పెరిగి ఆసుపత్రిలో చేరతారు, తేరుకుని ఇంటికొస్తారు. అయితే వెళ్ళినప్పుడున్నంత బలంతో తిరిగి రారు. మళ్ళీ ఆరు నెలలకు ఇంకోసారి. ప్రతిసారీ "పోయినసారి కూడా ఇలాగే అన్నారు, బతికి వచ్చారుగా" అన్న ధైర్యం. ఆ ధైర్యం అబద్ధం కాదు. కానీ ఏదో ఒకసారి తిరిగి రారు, అది ఏ సారి అన్నది డాక్టరు కూడా ముందుగా చెప్పలేడు. అందుకే ఈ జబ్బులున్న ఇళ్ళల్లో అసలు మాటలు జరగాల్సింది ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య, మనిషి కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్న రోజుల్లో. ఎమర్జెన్సీ వార్డులో ఆయాసపడుతున్నవాణ్ణి "గొట్టం వేయమంటారా" అని అడిగితే వచ్చేది జవాబు కాదు, భయం.

మూడోది మతిమరుపు జబ్బు, బాగా ముదిరిన వయసు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తరిగిపోవడం. ఇందులో శరీరం కన్నా ముందు మాట పోతుంది. మంచీ చెడూ తేల్చుకునే శక్తి పోతుంది. అడగాల్సినవన్నీ జబ్బు బయటపడిన తొలి ఏడాదే అడగాలి. చివరి దశలో ఈ రోగులు మింగడం మానేస్తారు. అప్పుడు ముక్కులోంచో పొట్టలోంచో ఆహారపు గొట్టం పెట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. ముదిరిన మతిమరుపులో ఆ గొట్టం ఆయుష్షు పెంచుతుందనడానికి గానీ, నిమోనియాను ఆపుతుందనడానికి గానీ ఆధారాలు దొరకలేదు. గొట్టం పీకేసుకుంటారని చేతులు మంచానికి కట్టేయాల్సి వస్తుంది. తినగలిగినంత, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని అమెరికా వృద్ధవైద్యుల సంఘం చెబుతోంది. మన ముసలివాళ్ళకు కలిపి ముద్దలు పెట్టే కోడళ్ళూ కూతుళ్ళూ చేస్తున్నది తక్కువ వైద్యమేమీ కాదు.

మాట పోయాక నిర్ణయం ఎవరిది? 2010లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, చనిపోయిన 3,700 మందికి పైగా వృద్ధుల చివరి రోజుల్ని పరిశీలించారు. చికిత్స మీద నిర్ణయం అవసరమైనవాళ్ళలో నూటికి 70 మంది అప్పటికే నిర్ణయించుకోగల స్థితిలో లేరు. వాళ్ళ బదులు ఇంటివాళ్ళు చెప్పాల్సి వచ్చింది. ఇంటివాళ్ళకు సరిగ్గా తెలుసా? పదహారు అధ్యయనాల్ని కలిపి చూసిన 2006 నాటి సమీక్ష ప్రకారం, రోగి ఏం కోరుకుంటాడో భార్యో భర్తో పిల్లలో సరిగ్గా చెప్పగలిగింది నూటికి 68 సార్లు. అంటే మూడింట ఒకసారి తప్పు. ముప్ఫై నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికినవాళ్ళు కూడా.

దీనికి మన కుటుంబాల్లో ఇంకో బరువు తోడవుతుంది. ఐసీయూ తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న కొడుకును డాక్టరు పిలిచి, "కంటిన్యూ చేయమంటారా, ఆపమంటారా?" అంటాడు. ఆపమంటే "డబ్బుకు వెనకాడి తండ్రిని చంపుకున్నాడు" అని రేపు పదో రోజున బంధువులే అంటారు. కొనసాగించమంటే తండ్రి బాధ కళ్ళముందే పెరుగుతుంది, ఎకరం పొలం వెళ్ళిపోతుంది. అమెరికాలో ఉన్న అన్నయ్యో చెల్లెలో వీడియో కాల్‌లో ఏడుస్తూ "నేను వచ్చేదాకా ఎలాగైనా ఉంచండి" అంటారు. డాలస్‌లో టికెట్టు దొరికి, హైదరాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి ఊరు చేరేదాకా వెంటిలేటర్ నడుస్తుంది. దూరాన ఉన్న సంతానం చివర్లో వచ్చి "అన్నీ చేయండి" అని పట్టుబట్టడం మన ఒక్కరి సంగతి కాదు. అమెరికా వృద్ధవైద్య పత్రికలో 1991లోనే దీని మీద ఒక వ్యాసం వచ్చింది. దగ్గరుండి చూసుకోలేకపోయామన్న బాధ వాళ్ళచేత అలా అనిపిస్తుంది. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. పండక్కి అందరూ కలిసిన రోజునో, ఆదివారం వీడియో కాల్‌లోనో, తండ్రి తన నోటితో తాను ముందే చెప్పి ఉండాలి. నోటి మాట పిల్లలందరూ ఒకేసారి వింటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

నిజానికి ఆ డాక్టరు అడిగిన ప్రశ్నే తప్పు. "మీరేమంటారు?" అని కొడుకును అడగకూడదు. "మీ నాన్నగారు ఇక్కడ కూర్చుని ఇదంతా వింటుంటే ఏమనేవారు?" అని అడగాలి. అప్పుడు కొడుకు శిక్ష వేసేవాడు కాదు, తండ్రి మాట మోసేవాడు. తండ్రి రాసిన కాగితం ఒకటి చేతిలో ఉంటే బంధువుల నోళ్ళకు కూడా అదే జవాబు. ముందస్తు వైద్య ఆదేశం అనే ఇలాంటి కాగితం వల్ల రోగికి ఎంత మేలో, మిగిలి బతకాల్సినవాళ్ళకు అంతకన్నా ఎక్కువ మేలని నా నమ్మకం.

ఇలాంటి కాగితాన్ని చట్టం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1973 నవంబరు 27న ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు అరుణా శాన్‌బాగ్ మీద అక్కడే పనిచేసేవాడొకడు దాడి చేశాడు. గొలుసుతో మెడ బిగించడంతో మెదడుకు రక్తం అందలేదు. అప్పటి నుంచి 2015 మే 18న నిమోనియాతో చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్ళు, ఆమె అదే ఆసుపత్రిలో మంచం మీద ఉంది. ఆమెను ఇక వెళ్ళిపోనివ్వాలని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఏళ్ళ తరబడి కన్నబిడ్డలా చూసుకున్న నర్సులు వద్దన్నారు. 2011 మార్చి 7న కోర్టు నర్సుల మాటే మన్నించింది. అయితే హైకోర్టు అనుమతితో, ప్రాణాన్ని నిలిపే చికిత్సను ఆపవచ్చని మొదటిసారి ఒప్పుకుంది. ఆ కేసులో రెండు పక్షాలూ అరుణ మీద ప్రేమతోనే మాట్లాడాయి. అరుణ ఏం కోరుకునేదో మాత్రం ఎవరికీ తెలిసే దారి లేదు.

దానికి ముందే, 2004 డిసెంబరులో, హైదరాబాద్‌లో దీనికి తలకిందులైన సంగతి జరిగింది. కండరాల క్షీణత జబ్బుతో వెంటిలేటర్ మీదున్న చదరంగం ఆటగాడు వెంకటేశ్‌కు తనకేం కావాలో స్పష్టంగా తెలుసు. తన అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్ళిపోతానన్నాడు. తల్లి ఆ కోరిక పట్టుకుని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళింది. చట్టం ఒప్పుకోదని కోర్టు చెప్పింది. ఆ నెలలోనే అతను చనిపోయాడు. బ్రెయిన్ డెడ్ కాకముందు అవయవాలు తీయడానికి ఇవాళ్టి చట్టం కూడా ఒప్పుకోదు. కానీ చికిత్స వద్దని చెప్పుకునే హక్కు వరకు పరిస్థితి మారింది.

కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన కేసులో, 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. లివింగ్ విల్‌కు, అంటే ముందస్తు వైద్య ఆదేశానికి, చట్టబద్ధత వచ్చింది. కానీ దాని మీద మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఆ సంతకం కోసం ఎవరు తిరుగుతారు? హక్కు కాగితం మీదే ఉండిపోయింది. 2023 జనవరి 24న కోర్టు దాన్ని సులువు చేసింది. ఇప్పుడు పద్ధతి ఇది. 18 ఏళ్ళు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా ఇష్టపూర్వకంగా రాసుకోవచ్చు. ఏ పరిస్థితుల్లో ఏ చికిత్స వద్దో రాయాలి. తాను చెప్పలేని స్థితి వస్తే తన తరఫున మాట్లాడే దగ్గరివాళ్ళ పేర్లు రాయాలి, ఒకరి కన్నా ఎక్కువమందిని రాయవచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకోవాలి. ఒక కాపీ అందులో పేరున్నవాళ్ళకు, ఒకటి ఇంటి డాక్టరు ఉంటే ఆయనకు, ఒకటి మునిసిపాలిటీ లేదా పంచాయతీ అధికారికి. ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. రెండు పత్రాలుంటే చివర సంతకం చేసిందే చెల్లుతుంది.

కాగితం ఉన్నంత మాత్రాన ఎవరూ గొట్టం పీకేయరు. ఆ భయం చాలామందికి ఉంది, అది అనవసరం. కోలుకునే ఆశ లేని దశ వచ్చిందని చికిత్స చేస్తున్న డాక్టరూ, కనీసం ఐదేళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులూ కలిసి తేల్చాలి. జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉన్న రెండో బోర్డు దాన్ని మళ్ళీ పరీక్షించాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. ఇంటివాళ్ళ సమ్మతి కావాలి. అమలు చేసేముందు మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్ళవచ్చు. పత్రం రాయని రోగి విషయంలోనూ ఇంటివాళ్ళ సమ్మతితో ఇదే దారి. ప్రాణం తీసే ఇంజక్షన్ ఇవ్వడం మాత్రం మన దేశంలో నేరమే, ఏ పత్రంలోనూ దాన్ని కోరడానికి వీల్లేదు. 2024లో గోవాలో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి ఎం.ఎస్. సోనక్ తన పత్రాన్ని తానే నమోదు చేయించుకున్నారు. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. మన ఊళ్ళో పంచాయతీకో మునిసిపాలిటీకో ఈ పత్రం పట్టుకెళితే తీసుకుని భద్రపరిచే మనిషి ఎవరని అడగడం పౌరుడి హక్కు. పదిమంది అడిగితేనే ఆ కుర్చీ ఏర్పడుతుంది.

ఇక పత్రంలో ఏం రాయాలన్నది. ఇక్కడ అమెరికా అనుభవం మనకు పాఠం. షికాగో న్యాయవాది లూయిస్ కట్నర్ 1969లో లివింగ్ విల్ ఆలోచనను ప్రతిపాదించాడు. 1976లో కాలిఫోర్నియా చట్టం చేసింది. ఆ తర్వాత కోట్ల కాగితాలు అచ్చయ్యాయి. 2004లో ఫాగర్లిన్, ష్నైడర్ అనే ఇద్దరు పండితులు ఆధారాలన్నీ గుదిగుచ్చి, లివింగ్ విల్ విఫలమైందని నిర్మొహమాటంగా రాశారు. రాసేవాళ్ళు తక్కువ. రాసినా అవసరమైన రోజున దొరకదు. దొరికినా, "కోలుకోలేని స్థితి వస్తే వద్దు" అన్న వాక్యం ఆ రాత్రి ఎదురైన చిక్కుకు సరిపోదు. మనిషి మనసు కూడా మారుతుంది. నడవలేని బతుకు బతుకే కాదనుకున్న మనిషి, నడక పోయాక మనవడి నవ్వు చూడటానికి బతుకుతాడు. ఇందాక చెప్పిన 2006 సమీక్షలోనూ, ఏయే చికిత్సలు కావాలో ముందే మాట్లాడుకున్నంత మాత్రాన ఇంటివాళ్ళ అంచనా మెరుగుపడలేదు.

ఈ విమర్శ చాలావరకు సరైనదే. అయితే మానేయమని కాదు దాని అర్థం. చికిత్సల పట్టీకి టిక్కులు పెట్టడం కన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. ఏముంటే బతుకు బతుకనిపిస్తుంది? మనుషుల్ని గుర్తుపట్టడమా, నోటితో తినడమా, సొంతంగా బాత్రూముకి వెళ్ళడమా? దేనికోసం ఎంత బాధ ఓర్చుకుంటారు? ఏది జరిగితే ఇక చాలంటారు? ఎక్కడ పోవాలని ఉంది? వీటికి జవాబులు మామూలు తెలుగులో, సొంత మాటల్లో రాయండి. "మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితికి వస్తే నిమోనియాకు కూడా ఐసీయూకి తీసుకెళ్ళొద్దు, ఆయాసం తెలియకుండా చూడండి చాలు" అన్న ఒక్క వాక్యం డాక్టరుకు ఎంతో చెబుతుంది. మీ తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవడంలో మాత్రం మొహమాటం వద్దు. పెద్దకొడుకు కాబట్టి పెద్దకొడుకు పేరు రాయకండి. ఒత్తిడిలో నిలబడగలిగేదీ, మీ మాటను తన ఇష్టం కన్నా పైన పెట్టగలిగేదీ చిన్న కూతురైతే ఆమె పేరే రాయండి. నేను రాసినదానికి కాస్త అటూ ఇటూ అయినా ఆమె నిర్ణయమే నా నిర్ణయం అని కూడా రాయండి. ఆ వెసులుబాటు లేకపోతే కాగితం ఆమె చేతుల్ని కట్టేస్తుంది.

ఆశ ఉందో లేదో తేలని స్థితిలో డాక్టర్లు వాడే మంచి పద్ధతి ఒకటుంది. గడువు పెట్టుకుని ప్రయత్నించడం. నాలుగైదు రోజులు వెంటిలేటర్ పెడదాం, ఈలోగా ఈ రెండు మూడు గుర్తులు కనిపిస్తే కొనసాగిద్దాం, లేకపోతే తీసేసి బాధ తెలియకుండా చూద్దాం అని మొదటి రోజే ఇంటివాళ్ళతో అనుకోవడం. మీ డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి. ఒకసారి పెట్టాక తీయడం పాపమన్న భయంతో అసలు పెట్టడానికే జంకేవాళ్ళకు ఇది దారి చూపుతుంది. పెట్టకపోవడానికీ, పనిచేయడం లేదని తీసేయడానికీ చట్టం తేడా చూడదు.

చికిత్స ఆపడం అంటే మనిషిని వదిలేయడం అని చాలామంది అనుకుంటారు. మన దగ్గర ఏళ్ళ తరబడి జరిగింది అలాంటిదే మరి. "ఇక లాభం లేదు, తీసుకెళ్ళండి" అని డాక్టరు అంటే, మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి, అంబులెన్సులో సంచి నొక్కుతూ ఇంటికి చేర్చడం. ఆ తర్వాత నొప్పికి మందు లేదు, ఆయాసానికి మందు లేదు, పిలిస్తే వచ్చే మనిషి లేడు. అద్దె ఇల్లయితే ఓనరు గుమ్మంలోకే రానివ్వడు. ఆ ఖాళీని పూడ్చేదే పాలియేటివ్ కేర్, ఉపశమన వైద్యం. బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచి దీనికి రూపం ఇచ్చింది. మన దేశంలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్ళ కృషితో కేరళ ఇంటింటికీ తీసుకెళ్ళింది, 2008లో దానికో ప్రభుత్వ విధానమే చేసింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన విభాగం ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి. అవసరమయ్యాక వెతకడం కన్నా మీ జిల్లాలో ఎక్కడుందో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి.

ఉపశమన వైద్యం చివరి రెండు రోజులకు కాదు. 2010లో బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మంది మీద జరిగిన పరిశోధనలో, మామూలు చికిత్సతోపాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం అందుకున్నవాళ్ళు సగటున 11.6 నెలలు బతికారు, మిగతావాళ్ళు 8.9 నెలలు. చివర్లో తీవ్రమైన చికిత్సలు తక్కువ తీసుకుని కూడా.

మార్ఫిన్ గురించి ఒక మాట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దెబ్బకు మన ఆసుపత్రుల్లో అది దాదాపు కనుమరుగైంది. 2014 సవరణతో కొంత సులువైంది. సరైన మోతాదులో ఇస్తే అది క్యాన్సర్ నొప్పికీ చివరి ఆయాసానికీ తిరుగులేని మందు, చౌకైన మందు. దానితో ప్రాణం ముందే పోతుందన్న భయానికి ఆధారం లేదు.

చివరి రోజుల్లో మనిషి తినడు, తాగడు. ఇంటివాళ్ళకు అది భరించరానిది. "ఒక్క సెలైన్ బాటిలైనా పెట్టండి" అని ఆర్.ఎం.పి. డాక్టరును బతిమాలతారు. ఆకలితో చనిపోతున్నాడని కదా బాధ. జరిగేది అది కాదు. చనిపోతున్న శరీరానికి ఆకలి ఉండదు, ఆహారాన్ని వాడుకునే శక్తీ ఉండదు. ఎక్కించిన సెలైన్ కాళ్ళల్లో వాపుగా, ఊపిరితిత్తుల్లో నీరుగా చేరి ఆయాసాన్ని పెంచవచ్చు. పెదవులు తడిగుడ్డతో తుడవడం, నోరు ఆరకుండా చూడటం, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం, ఆ గంటల్లో ఇంతకన్నా గొప్ప వైద్యం లేదు.

ముందుగా మాట్లాడుకుంటే నిజంగా ఫలితం ఉంటుందా అంటే, మెల్బోర్న్‌లో 80 దాటిన 309 మంది రోగులతో చేసిన పరీక్ష ఉంది. 2010లో వెలువడింది. సగం మందితో శిక్షణ పొందినవాళ్ళు కూర్చుని, వీలైతే ఇంటివాళ్ళ ఎదుటే, వాళ్ళ కోరికలు మాట్లాడి రాయించారు. తర్వాతి ఆరు నెలల్లో చనిపోయినవాళ్ళలో, మాట్లాడినవాళ్ళ కోరికలు నూటికి 86 మందికి తెలిసి, నెరవేరాయి. మాట్లాడనివాళ్ళలో 30 మందికే. మిగిలిన కుటుంబ సభ్యుల్లో కుంగుబాటు, ఆందోళన కూడా తగ్గాయి. అక్కడ పనిచేసింది అచ్చు కాగితం కాదు, తీరిగ్గా కూర్చుని మాట్లాడిన మనిషి.

ఇంట్లో పెద్దవాళ్ళతో ఈ సంగతి ఎత్తడం కష్టమనిపిస్తే ముందు మీది రాయండి. "నాన్నా, నాకేమన్నా అయితే ఇలా చేయండని రాసుకున్నాను, చూడండి" అని చూపిస్తే ఆయన తనది తానే చెబుతాడు. ఇది వయసు మళ్ళినవాళ్ళ పని మాత్రమే అనుకోకండి. 1975లో స్పృహ కోల్పోయి, చికిత్స ఆపాలన్న కేసుతో అమెరికా చట్టాన్ని మార్చిన కేరెన్ ఆన్ క్విన్లన్‌కు అప్పుడు 21 ఏళ్ళు. 1983లో కారు ప్రమాదానికి గురై, అలాంటి కేసుకే కేంద్రమైన నాన్సీ క్రూజన్‌కు 25. అరుణా శాన్‌బాగ్‌కు కూడా ఆ రోజుకు 25 ఏళ్ళే.